నాయన కాలి కింది బ్రేకు

ఆ ఆదివారం గొర్రెలు అడ్డం రాకపోయి ఉంటే మాకు ఏదీ తెలిసేది కాదు. తెలియకుండానే మా పిల్లలిద్దర్నీ కారులో కూర్చోబెట్టి, తలుపు వేసి, చేయి ఊపి నల్లమల ఘాటులోకి పంపించి ఉండేదాన్ని. 

మా ఊరు బేస్తవారిపేటకు దగ్గర. నేను పక్క ఊరి బడిలో టీచరుని. మా ఆయన బెంగళూరులో బిల్డింగు పనుల మీద ఉంటాడు, రెండు నెలలకొకసారి వచ్చి నాలుగు రోజులుండి పోతాడు. అమ్మ, నాయన, నేను, నా పిల్లలు ఒకే ఇంట్లో ఉంటాం. పెద్దవాడు మూడో తరగతి, చిన్నది ఒకటో తరగతి.

నాయన ముప్పై ఏళ్లు బస్సు నడిపాడు. అందులో సగానికి పైగా గిద్దలూరు నుంచి నంద్యాల పోయే ఘాటు రోడ్డు మీదే. రిటైరయ్యాక ఒక పాత తెల్ల కారు కొన్నాడు. బడి మూసిన తర్వాత వచ్చే మొదటి సోమవారం పిల్లల్ని ఆ కారులో ఎక్కించుకుని నంద్యాలలో ఉన్న మా చెల్లెలి ఇంటికి తీసుకుపోవడం ఆయన పెట్టుకున్న పద్ధతి. ఆ ప్రయాణంలో తాత, ఇద్దరు పిల్లలు తప్ప ఇంకెవరూ ఉండకూడదు. దిగువమెట్ట దగ్గర బండి ఆపి రైలు చూపిస్తాడు, ఘాటెక్కాక కోతులకు శనక్కాయలు వేయిస్తాడు, ఏ మలుపులో ఏ లారీ బోల్తా పడిందో కథలు కథలుగా చెప్తాడు. ఏడాదంతా పిల్లలు ఆ సోమవారం కోసం ఎదురుచూస్తారు. నిజం చెప్పాలంటే, పిల్లలకంటే ఎక్కువగా ఆయనే ఎదురుచూస్తాడు.

నాయన బండి నడిపేటప్పుడు చెప్పులు వేసుకోడు. బస్సులోనూ అంతే, కారులోనూ అంతే. ఎక్కే ముందు చెప్పులు విడిచి సీటు వెనక పెడతాడు. దేవుడి మీద భక్తి కాదు, అది వేరే లెక్క. చెప్పు అడ్డముంటే పెడల్ చెప్పే మాట అరికాలికి అందదట. ఘాటు దిగేటప్పుడు బ్రేకు ఎంత వేడెక్కిందో, ఇంకెంత మిగిలిందో కాలితోనే తెలుసుకోవాలట. ఆయన దగ్గర పని నేర్చుకున్న డ్రైవర్లందరికీ ఈ అలవాటు అంటుకుంది. చిన్నప్పుడు ఆయన పాదాలు చూస్తే నాకు నవ్వొచ్చేది. కుడి అరికాలు ఎడమ దానికంటే నున్నగా, గట్టిగా, కొత్త పలకలాగా ఉండేది.

ఆ ఆదివారం మేమంతా చర్చి నుంచి తిరిగి వస్తున్నాం. బడి మూయడానికి ఇంకా రెండు వారాలుంది. మలుపు తిరగగానే రోడ్డంతా గొర్రెలు. నాయన బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు. మళ్లీ తొక్కాడు, మళ్లీ మళ్లీ తొక్కాడు. చివరికి ముందు బంపరు ఒక గొర్రె పొట్టకు ఆనుకుని ఆగింది. ఆ గొర్రె అరవను కూడా అరవలేదు, పక్కకు జరిగి పోయింది. వెనక సీట్లో చిన్నది అమ్మ ఒళ్లోంచి కిందికి జారిపడి ఏడుపు మొదలుపెట్టింది.

గొర్రెలు కాసే ముసలాయన బానెట్ మీద చేయి పెట్టి నాయన్ని తేరిపార చూశాడు.

"ఏంది అబ్బోడా, నిద్రపోతా తోల్తాండావా?"

ఇంకో రోజైతే నాయన బండి దిగి ఆయనకు నాలుగు తగిలించేవాడు. ముక్కు మీద కోపం నాకూ ఉంది, అది వచ్చింది ఆయన దగ్గర్నుంచే. ఆ రోజు మాత్రం దిగలేదు. స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నాడు. గొర్రెలన్నీ దాటిపోయాక, "పెడల్ కిందికి పోయింది" అన్నాడు, ఎవరితోనూ కానట్టు.

ఇంటికొచ్చాక నన్ను డ్రైవరు సీట్లో కూర్చోమన్నాడు. నాకు కారు నేర్పింది ఆయనే. ఇంజన్ ఆన్‌లో పెట్టి, బ్రేకు మీద కాలు మెల్లగా ఆనించి అట్లాగే ఉంచమన్నాడు. ఉంచాను. మొదట గట్టిగానే తగిలింది. తర్వాత నా కాలి కింద అది మెల్లగా లోపలికి జారడం మొదలైంది. ఎక్కడా ఆగలేదు. నేను ఎక్కువ బలం పెట్టలేదు, తక్కువా పెట్టలేదు, అది మాత్రం పోతూనే ఉంది. ఊబిలో కాలు పెట్టినట్టు అనిపించి చటుక్కున తీసేశాను.

"జారిపోతోంది నాయనా."

"మాస్టర్ సిలిండర్ పోయింది" అన్నాడు.

పెద్దవాడు అదేంటని అడిగాడు. నాయన వాడికి ఓపిగ్గా చెప్పాడు. మనం కాలితో తొక్కిన బలాన్ని నూనె ద్వారా నాలుగు చక్రాలకూ పంపే గొట్టం అది. దాని లోపల రబ్బరు బిళ్లలుంటాయి. అవి అరిగితే నూనె బయటికి కారదు, లోపలే పక్కనుంచి తప్పించుకుంటుంది. బయటినుంచి చూస్తే ఏ లోపమూ కనిపించదు. డబ్బాలో నూనె కూడా తగ్గదు. తొక్కిన కాలికే తెలుస్తుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాయన బండి విషయంలో అశ్రద్ధ చేసే మనిషి కాదు. రెండేళ్లకొకసారి, వానలు పడకముందే, బ్రేకు నూనె మొత్తం తీసేయించి కొత్తది పోయిస్తాడు. డబ్బా మూత తీసే ముందు చుట్టూ శుభ్రంగా తుడుస్తాడు, ఒక్క ఇసుక రేణువు లోపల పడకూడదు. మూత తీసిన నూనె సీసాను ఇంకోసారి వాడడు, గాలిలో తేమ తాగేసి ఉంటుందంటాడు. అమ్మ వంటింట్లో నూనెకు కూడా అంత మర్యాద చేయదు. అలాంటి మనిషి బండిలో రబ్బర్లు ఎందుకు పోవాలి? ఈ ప్రశ్న నాకు ఆ రోజే రావలసింది, రాలేదు.

మాకు తెలిసిన మెకానిక్కు షెడ్డు బేస్తవారిపేట దాటాక గిద్దలూరు రోడ్డు మీద ఉంది. ఒక్కడే పనిచేసుకుంటాడు. నోరు మంచిది, పని ఇంకా మంచిది. అతనికొక పట్టింపు ఉంది. బ్రేకు పని చేసినప్పుడు పైపుల్లో చిక్కుకున్న గాలిని బయటికి తీయాలి. దానికి ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర చిన్న మర విప్పి గాలి వదలాలి. ఎవరి బండికి వాళ్లే పెడల్ మీద కూర్చోవాలంటాడు ఇతను. వేరే మనిషిని కూర్చోబెట్టనివ్వడు.

"బండి నడిపే కాలికే తెలవాలక్కా, బ్రేకు యాడ దొరుకుతాదో. ఇంకోడు తొక్కి బాగుందంటే నాకు నమ్మకం లేదు" అన్నాడు నాతో.

నాయనకు ఆ మాట భలే నచ్చింది. ఈ కాలంలో కూడా పని తెలిసినవాడు ఒకడున్నాడని ఇంటికొచ్చాక అమ్మతో అన్నాడు.

పాత సిలిండరు విప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. నూనె కాఫీ డికాక్షన్ రంగులో వచ్చింది. పది నెలల కింద పోసిన నూనె అది. లోపలి రబ్బర్లను మెకానిక్ అరచేతిలో వేసుకుని వెలుతురుకు తిప్పి చూశాడు.

"కాలినట్టుండాయి మామా. బ్రేకు వేడి ఈడిదాకా వచ్చింది. పెడల్ మీద కాలు ఆనిచ్చి నడిపితే ఇట్ల అయితాది."

నాయన మొహం ఎర్రబడింది. "ముప్పై ఏండ్లు ఘాటు దిగినోన్ని. పెడల్ మీద కాలు పెట్టి నడుపుతానా నేను? నాకా చెప్పేది?"

"నిన్నంటానా మామా. ఊరికే చెప్పినా" అని మెకానిక్ చెవులు పట్టుకుని నవ్వాడు. నేను కూడా అతన్ని మనసులో రెండు తిట్టుకున్నాను. మా నాయనకు బ్రేకు గురించి చెప్పే మొనగాడు బయల్దేరాడని.

రబ్బర్లు మార్చి పాతదే బిగించవచ్చు. నాయన ఒప్పుకోలేదు. పిల్లలతో ఘాటు దాటాలి, మొత్తం కొత్తదే వేయమన్నాడు. మెకానిక్ కొత్త సిలిండరును ముందు బల్ల మీదే నూనెతో నింపి, స్క్రూడ్రైవరుతో లోపలికి నొక్కుతూ వదులుతూ, బుడగలు ఆగిపోయేదాకా ఓపిగ్గా చేశాడు. తర్వాత బండికి బిగించాడు. ఆ తర్వాత చక్రాల్లో గాలి తీయడం. అన్నిటికంటే దూరంగా ఉండే వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టాలి. మెకానిక్ దాని కింద దూరాడు. నాయన సీట్లో కూర్చున్నాడు. నేను ఎండకు తట్టుకోలేక షెడ్డు లోపల కుర్చీలో కూర్చుని వాళ్ల మాటలు వింటున్నాను.

"తొక్కు మామా."

"తొక్కినా."

"ఇంకోసారి. ఇంకోసారి. ఆ, పట్టు."

"పట్టినా."

చర్చిలో పాస్టరుగారు ఒక మాటంటే సంఘమంతా తిరిగి చెప్పినట్టు ఉంది. నాలుగు చక్రాలూ అయ్యేసరికి గంట పట్టింది. పెడల్ తొక్కి చూస్తే మెత్తగా ఉంది. మళ్లీ మొదటి నుంచి చేశారు. అయినా మెత్తగానే ఉంది. మెకానిక్ నుదురు తుడుచుకుంటూ గాలి ఎక్కడినుంచి వస్తోందో అర్థం కావడం లేదన్నాడు. మూడోసారి అయ్యాక కొంచెం మెరుగనిపించింది.

"దొరుకుతా ఉందిలే. నాలుగు రోజులు తిప్పి చూద్దాం" అన్నాడు నాయన.

ఆ నాలుగు రోజులూ ఎట్లా గడిచాయో ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే నాకు నా మీదే అసహ్యం వేస్తుంది. అన్నీ నా కళ్ల ముందే జరిగాయి. నాకు రెండు కళ్లున్నాయి, చదువుంది, ముప్పైమంది పిల్లల్లో ఎవడు ఏ మూల ఏ వెధవ పని చేస్తున్నాడో వెనక్కి తిరగకుండా చెప్పగలను. మా ఇంట్లో మనిషి మాత్రం నాకు కనపడలేదు.

ఒకరోజు సాయంత్రం నేను బడి నుంచి స్కూటీ మీద వస్తుంటే ముందు మా కారు పోతోంది. రోడ్డు చదునుగా ఉంది, ఎదురుగా బండి లేదు, మనిషి లేడు, మేక లేదు. కారు వెనక ఎర్ర బ్రేకు లైట్లు రెండూ వెలుగుతూనే ఉన్నాయి. వేగం తగ్గడం లేదు, లైట్లు ఆరడం లేదు. ఊరు వచ్చేదాకా నేను ఆ రెండు లైట్ల వెనకే వచ్చాను. ఎందుకో దగ్గరికి పోవాలనిపించలేదు. ఇంటి ముందు అడిగితే లైటు స్విచ్చి పట్టేసి ఉంటుందిలే అన్నాడు. నేనూ అవునన్నాను.

ఆ రోజే చిన్నది ఆడుకుంటూ ముందు చక్రం మీద చెంబెడు నీళ్లు పోసింది. చుయ్‌మని పొగలు లేచాయి. దానికి అది పెద్ద ఆటైపోయింది, ఇంకో చెంబు తెచ్చింది. నేను వీపు మీద ఒకటి వేసి లోపలికి లాక్కుపోయాను.

ఇంకో రోజు నాయన దుకాణం నుంచి ఒక కాలికే చెప్పుతో నడిచి వచ్చాడు. రెండోది దారిలో ఎక్కడో ఊడిపోయింది. అమ్మ పడీపడీ నవ్వింది. "ముసలోడివైనావు, రేపు పంచె గూడా ఊడిపోయేది తెలవదు నీకు" అంది. నేను కూడా నవ్వాను. చెప్పు వెతకడానికి పోతే మూడిళ్ల అవతల దొరికింది. మూడిళ్ల దూరం మనిషి ఉత్త కాలితో రాళ్ల మీద నడిచి వచ్చాడన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఆయనకు సుగరు ఉందని ఇంటిల్లిపాదికీ తెలుసు. పొద్దున మాత్ర, రాత్రి మాత్ర, కాఫీలో చక్కెర వద్దు. సుగరంటే మాకు తెలిసింది అంతే.

పెడల్ మాత్రం మెత్తగానే ఉండిపోయింది. నేను తొక్కినా అంతే. రెండుసార్లు కొట్టి తొక్కితే తప్ప బ్రేకు పడటం లేదు. మెకానిక్ బాగా ఆలోచించి, సామాను డూప్లికేట్ అయ్యుంటుందన్నాడు. ఆ మాట చాలు నాకు. సిలిండరు విప్పించి, సంచిలో వేసుకుని, బడికి సెలవు పెట్టి మార్కాపురం పోయాను. సామాన్ల దుకాణాయన ముందు బల్ల మీద దాన్ని దబీమని పెట్టాను. మా పిల్లలు ఘాటులో పోవాలని, దొంగ సామాను అమ్మేవాళ్లకు పిల్లలుండరా అని, దుకాణంలో ఉన్న నలుగురూ తిరిగి చూసేటట్టు అడిగాను.

ఆయన పెద్ద మనిషి. కళ్లజోడు పెట్టుకుని సిలిండరును అటూ ఇటూ తిప్పి, రాడ్డు నొక్కి చూసి, మెల్లగా అన్నాడు.

"సామాను మంచిదేనమ్మా. గాలి సరిగ్గా తీసినారా?"

"ముప్పై ఏళ్లు ఘాటులో బస్సు నడిపిన మనిషి కూర్చుని తొక్కాడు పెడల్ మీద. మీరు మాకు చెప్తారా?"

ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. లోపలికి పోయి ఇంకొకటి తెచ్చి ఇచ్చాడు. గెలిచానన్న పొగరుతో బస్సెక్కాను. ఆయన్ను తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. తర్వాత ఒకసారి ఆ వీధిలో పోతూ ఆయనకు కనపడకుండా అవతలి పక్కకు దాటాను.

ఆ రోజు భోజనాల దగ్గర అమ్మ ఎవరి మొహమూ చూడకుండా అంది. "ఈసారికి పిల్లల్ని బస్సులో పంపిద్దామా?"

నాయన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాడు. ముద్దను మళ్లీ కంచంలో పెట్టేశాడు. నాకు ఆయన్ను చూస్తే ప్రాణం ఉసూరుమంది. అమ్మ మీద గయ్‌మన్నాను. బండికి కొత్త సామాను వచ్చింది, ఇంకేం భయం, నాయనకంటే బాగా ఘాటు తెలిసినవాళ్లు ఈ చుట్టుపక్కల ఎవరున్నారు, బస్సులో డ్రైవరు ఎవడో ఏమో అని గడగడా అనేశాను. అమ్మ సరేనంది. ప్రార్థనలో మాత్రం సోమవారం ప్రయాణం గురించి మామూలుకంటే ఎక్కువసేపు దేవుణ్ని అడిగింది. నేను కళ్లు మూసుకుని, ఎప్పుడు ముగిస్తుందా అని చూశాను.

శనివారం రెండో సిలిండరు బిగించారు. పిల్లల బట్టలు అప్పటికే సంచుల్లో సర్దేశాను. మధ్యాహ్నం దాకా ఇంట్లో ఉండి, ఇంకా కాలేదేమిటా అని స్కూటీ వేసుకుని షెడ్డుకు పోయాను. మజ్జిగ సీసా ఒకటి తీసుకుపోయాను.

మెకానిక్ వెనక ఎడమ చక్రం కింద ఉన్నాడు. పైకి కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. నాయన సీట్లో ఉన్నాడు. ఉక్కపోతకు తలుపు బార్లా తెరిచి పెట్టారు. నేను ఆ తలుపు పక్కన నేల మీద కూర్చుని సీసా మూత తిప్పుతున్నాను.

"తొక్కు మామా. తొక్కు. తొక్కు. ఆ, పట్టు."

నాయన కాలు పెడల్ మీద మూడుసార్లు పడింది. నాలుగోసారి కొంచెం పక్కగా పడి, పెడల్ అంచు మీద నుంచి జారి, కిందికి పోయింది. పెడల్ తనంతట తాను పైకి లేచింది.

"పట్టినావా మామా?"

"పట్టినా" అన్నాడు నాయన.

ఆయన నేలను తొక్కుతున్నాడు. పాదం మొత్తం మ్యాటు మీద ఉంది. తొడ బిగుసుకుని ఉంది, మోకాలు వణుకుతోంది, మెడ నరాలు పొంగాయి. ఉన్న బలమంతా పెట్టి పట్టుకున్నాడు. మొహంలో ఏ అనుమానమూ లేదు. ఆ మొహం నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి ఘాటు దిగేటప్పుడు బస్సు అద్దంలో చూసిన మొహం అది. బొటనవేలి పక్కన రూపాయి బిళ్లంత పుండు పచ్చిగా ఉంది, దాని చుట్టూ మ్యాటు తడిసి ఉంది.

నాకు భయం వేసింది. జీవితంలో అంత భయం ఎప్పుడూ వేయలేదు, పిల్లలు పుట్టినప్పుడు కూడా.

"పట్టినావా మామా? గాలే వస్తాంది నాకు."

"పట్టినా అన్నా గదరా" అని నాయన విసుక్కున్నాడు.

నేను సీసా కింద పెట్టాను. చేయి లోపలికి చాపి, అరచేత్తో పెడల్‌ను చివరిదాకా నొక్కి పట్టుకున్నాను. వెనక నుంచి సర్రున నూనె చిమ్మిన చప్పుడు వచ్చింది.

"ఆ, ఇప్పుడు వచ్చింది మామా. అట్లే పట్టు, వదలొద్దు."

నాయన కిందికి చూశాడు. ముందు నా చేయి చూశాడు. పెడల్ మీద నా చేయి ఎందుకుందో అర్థం కానట్టు కాసేపు దాన్నే చూశాడు. తర్వాత దాని పక్కనున్న తన కాలిని చూశాడు. స్టీరింగు మీద నుంచి చేతులు మెల్లగా ఒళ్లోకి వచ్చాయి.

"ఎంతసేపైంది అది అక్కడికి పోయి?" అని నన్నే అడిగాడు.

నాకు తెలియదన్నాను.

మిగిలిన గాలి నా కాలితోనే తీశారు. మెకానిక్ తన పట్టింపు గురించి ఎత్తలేదు. సీట్లో నేను కూర్చుని తొక్కమంటే తొక్కాను, పట్టమంటే పట్టాను. నాయన మెకానిక్ ఇచ్చిన గుడ్డ కాలికి చుట్టుకుని కుర్చీలో కూర్చుని రోడ్డు వైపు చూస్తున్నాడు. అరగంటలో నాలుగు చక్రాలూ అయిపోయాయి. పెడల్ రాయిలా నిలబడింది. ఎంతసేపు కాలు పెట్టి ఉంచినా వెంట్రుకవాసి కూడా జారలేదు. మొదటి కొత్త సిలిండరులో కూడా ఏ లోపమూ లేదు. కాలు జారి పెడల్ పైకి లేచినప్పుడల్లా గాలి మళ్లీ లోపలికి పోయింది, అంతే.

స్కూటీని షెడ్డులోనే వదిలి, కారు ఇంటికి నేనే నడిపాను. నాయన పక్క సీట్లో కూర్చున్నాడు. దూరంగా ఊరు కనపడింది. అప్పుడు బండి పక్కకు ఆపమన్నాడు. ఆపాను.

"కాలు మొద్దుగా ఉండేది నాకు తెలుసమ్మా" అన్నాడు. "మొదట్ల అరికాలు కాయ కాసిందనుకున్నా. ఇన్నేండ్లు తొక్కిన కాలు గదా."

"ఎప్పట్నుంచి నాయనా?"

ఆయన కాలికి చుట్టిన గుడ్డ సర్దుకున్నాడు. అద్దంలోంచి బీడు భూమి వైపు చూస్తూ కూర్చున్నాడు.

"రిటైరయ్యే ముందు ఏడాది నుంచే ఉండె. కొంచెం కొంచెం."

ఆ ఏడాదంతా ఆయన రోజూ ఘాటు ఎక్కి దిగాడు. బస్సు నిండా జనం. నెలకొకసారి నేను కూడా ఉండేదాన్ని, డ్రైవరు వెనక సీట్లో, చిన్నదాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని. నాయన బస్సు కదా అని నేను కూడా నిద్రపోయేదాన్ని.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాను. గొంతు పెద్దదైపోయింది. "ఇంట్లో ఒక్కరికైనా ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నడపనిస్తారా?" అన్నాడు. తర్వాత ఇంకా మెల్లగా అన్నాడు. "ఆ పొద్దు గొర్రెల కాడ పెడల్ కిందికి పోయిందని అన్నా గానీ, అది పెడలో కాదో నాకే తెలవదు. నా కాలే తప్పిందేమో అనుకుంటా ఇంటికి వచ్చినా. నువ్వు తొక్కి, జారిపోతోంది నాయనా అన్నావు సూడు, ఆ పొద్దు నేను కడుపునిండా అన్నం తిన్నా."

కోపం ఎటు పోయిందో పోయింది. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆయన నా వీపు మీద చేయి వేసి, ఎండలో బండి ఎక్కువసేపు ఆపితే ఇంజన్ వేడెక్కుతుందని, పోనిమ్మని అన్నాడు.

సోమవారం పిల్లల్ని నేనే నంద్యాల తీసుకుపోయాను, గిద్దలూరులో బస్సెక్కించి. తాత ఎందుకు రాలేదని పెద్దవాడు దిగువమెట్ట దాకా అడుగుతూనే ఉన్నాడు. మాకు డ్రైవరు వెనక సీటే దొరికింది. చిన్నది కిటికీ దగ్గర కోతుల్ని లెక్కపెడుతోంది. డ్రైవరు నడివయసు మనిషి, చలాకీగా ఉన్నాడు, కండక్టరుతో ఏదో చెప్పి నవ్వుతున్నాడు. ఘాటు దిగుడు మొదలైంది. నేను సీటు అంచుకు జరిగి, ముందుకు వంగి, అతని కుడి కాలి వైపు చూస్తూ కూర్చున్నాను. ఏమ్మా, ఏం కావాలని కండక్టరు అడిగాడు. ఏమీ లేదన్నాను. డ్రైవరు నల్ల బూట్లు వేసుకుని ఉన్నాడు. ఘాటు కింద గాజులపల్లె వచ్చేదాకా నేను ఆ బూటు మీద నుంచి చూపు తిప్పలేదు.